ముదునూరు రమ్మన్న మాస్టారు

మొన్నామధ్య అవనిగడ్డ వైపు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. డిగ్రీ అయిపోయింది, చిన్న ఉద్యోగం చేసుకుంటన్నాడు. తను ఇష్టపడ్డ అమ్మాయిది వేరే కులం. ఇద్దరూ మేజర్లే. నేను మామూలుగానే చట్టం చెప్పబోయాను. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్టు, నెల రోజుల నోటీసు, రిజిస్ట్రారు ఆఫీసు గోడ మీద ఆ కాయితం అంటించటం, అది చూసి ముందే ఎవడో ఒకడు ఇంటికి ఉప్పందించటం, ఇవన్నీ. కుర్రాడు మధ్యలో ఆపేశాడు. చట్టం తనకి తెలుసంట, యూట్యూబులో చూశాడంట. తను అడిగేది వేరే. ఊరు మనల్ని వద్దనుకున్నాక ఆ తరవాత రోజు పొద్దున లేచి ఎల్లా బతుకుతారన్నా, అదీ వాడి ప్రశ్న.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఫోన్ పెట్టేశాక గోరా గారు గుర్తొచ్చారు.

దేశం నుంచి తరిమేసిన రాతగాళ్ల కథలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. పోలండు అనే దేశం మ్యాపులో లేకుండా పోయిన రోజుల్లో ఆడమ్ మిత్స్కేవిచ్ అనే కవి పారిస్‌లో ఉండి, తను మళ్లీ చూడలేని తన నేల మీద పెద్ద కావ్యం రాశాడు. 1834లో అచ్చయింది. ఇప్పటికీ అక్కడి పిల్లలు బళ్లో చదువుకుంటారు. మన దగ్గర లెక్క వేరు. మనోళ్లు మడిసిని పొలిమేర దాటించక్కర్లేదు. ఉన్న ఊళ్లోనే, ఉన్న ఇంట్లోనే వెలేస్తారు. నిప్పూ నీళ్లూ ఇవ్వరు, చాకలి రాడు, మంగలి రాడు, కొట్లో అప్పు పుట్టదు, పెళ్లికీ చావుకీ పిలుపుండదు. పాస్‌పోర్టు లేని ప్రవాసం అన్నమాట. గోరా గారు అల్లాంటి వెలిలో ఒకసారి కాదు, నాలుగైదుసార్లు పడ్డారు. పడ్డ ప్రతిసారీ ఏదో ఒకటి రాశారు, ఎవరో ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిన్నారు.

గోరా అంటే ఎవరో తెలీని తమ్ముళ్లకి ఒక గుర్తు చెప్తా. డాక్టర్ సమరం గారు తెలుసు గదా? ఆరోగ్యం గురించి, సెక్సు గురించి సిగ్గుపడకుండా పేపర్లలో, టీవీల్లో సందేహాలు తీర్చిన విజయవాడ డాక్టరు. ఆయన నాన్నగారే గోరా. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరులో మొదటి అక్షరం కలిపి గోరా అయ్యారు.

1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది. బ్రాహ్మణ కుటుంబం, మడీ ఆచారం ఉన్న ఇల్లు. కాకినాడ పి.ఆర్. కాలేజీలో, తరవాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి బోటనీలో ఎమ్మే చేశారు. ఆ రోజుల్లో ఎమ్మే అంటే మాటలా? కుర్చీ ఏసి కూర్చోబెట్టేవోళ్లు. చదువుతుండగానే 1922లో సరస్వతి గారితో పెళ్లయింది. ఆమెకి అప్పుడు పదేళ్లు. బాల్య వివాహాలు తప్పని ఎలుగెత్తి చెప్పిన మడిసి పెళ్లి కూడా బాల్య వివాహమే. ఈ సంగతి దాచాల్సిన పని లేదు, ఆయనా దాచలేదు.

మొదటి ఉద్యోగం మదురైలో అమెరికన్ కాలేజీలో. కుర్రాడు చురుగ్గా ఉన్నాడు, కిరస్తానం పుచ్చుకుంటే అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పంపిస్తాం, డాక్టరేట్ చేసుకోవచ్చని ఆశపెట్టారు. వద్దన్నారు. అప్పటికి ఆయన నాస్తికుడు కాదు. కానీ చదువు కోసం దేవుణ్ణి మార్చటం ఏవిటనే ప్రశ్న అక్కడ పుట్టింది. అది ఊరికే పోలేదు, పెరిగి పెరిగి అసలు దేవుడి దాకా వెళ్లింది.

తరవాత కోయంబత్తూరు, ఆ తరవాత కొలంబోలో ఆనంద కాలేజీ. సిలోన్‌లో ఉన్నప్పుడే సరస్వతి గారు కడుపుతో ఉండి గ్రహణం వేళ బయట తిరిగారు. మా అమ్మమ్మ తరం ఆడోళ్లు గ్రహణానికి కదలకుండా పడుకునేవోళ్లు. కదిలితే బిడ్డకి గ్రహణం మొర్రి వచ్చుద్దని భయం. ఇరవై ఏళ్లు కూడా లేని ఆ పిల్ల, పరాయి దేశంలో, పక్కన అమ్మా అత్తా లేకుండా, మొగుడి మాట నమ్మి బయటకొచ్చింది. బిడ్డ చక్కగా పుట్టింది. నన్నడిగితే గోరా గారి నాస్తికత్వానికి మొదటి ప్రయోగశాల ఆయన తలకాయ కాదు, ఆమె కడుపు. ఆయన మీద రాసే వ్యాసాల్లో ఈ మాట ఎవరూ రాయరు. దెయ్యాల కొంపని ఎవరూ అద్దెకి దిగని ఇంట్లో కాపురం పెట్టింది కూడా ఇద్దరూ కలిసే.

కాకినాడకి తిరిగొచ్చి, తను చదివిన కాలేజీలోనే మాస్టారుగా చేరారు. 1928లో జంధ్యం వేసుకోనన్నారు. అది ఒంటి మీద మూడు పోగుల దారం. తీసేస్తే ఏమవుద్ది అనుకుంటాం. ఇల్లు పోయింది. కులం వెలేస్తే కన్నతండ్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. తండ్రి దుర్మార్గుడేం కాదు. కొడుకుని ఉంచుకుంటే తననీ వెలేస్తారు. మిగతా పిల్లల పెళ్లిళ్లు కావు. వెలి ఎప్పుడూ అల్లాగే పనిచేస్తది. ఊరంతా కలిసి రాదు, మనల్ని ప్రేమించే వాళ్ల చేత్తోనే మనల్ని గెంటిస్తది. ఫోన్ చేసిన కుర్రాడికి నేను చెప్పాల్సిన మొదటి మాట ఇదే అనుకున్నా. పొమ్మన్న నోరు నాన్నదైనా, మాట నాన్నది కాదు.

మొగుడూ పెళ్లాం గిన్నెలు సర్దుకుని వేరే కాపురం పెట్టారు. అయినా ఉద్యోగం ఉంది గదా, నెల తిరిగితే జీతం వచ్చుద్ది గదా అనుకుంటే, 1933లో అదీ ఊడింది. దేవుడనే భావన మీద ఒక చిన్న వ్యాసం రాయటమే నేరం. ఎవర్నీ తిట్టింది కాదు, దేవుడనేది మడిసి కల్పన అని చెప్పింది, అంతే. ఆయన జీవితంలో రాతకి పడిన మొదటి జరిమానా అది.

ఇక మన బందరు. 1934లో హిందూ కాలేజీలో బోటనీ చెప్పటానికి వచ్చారు. అప్పటి బందరు మామూలు ఊరు కాదు. కృష్ణాపత్రిక నడుస్తంది, ముట్నూరి వారున్నారు, పట్టాభి గారున్నారు, ఆంధ్ర జాతీయ కళాశాల ఉంది. స్వాతంత్ర్యం గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. కులం గురించి మాత్రం కాస్త మెల్లిగా. గోరా మాస్టారు క్లాసులో మొక్కల గురించి చెప్పేవోరు, సాయంత్రం కుర్రాళ్లతో కూర్చుని మడుసుల గురించి చెప్పేవోరు. సెలవు రోజుల్లో ఆళ్లని వెంటేసుకుని చుట్టుపక్కల పల్లెలకి, మాలపల్లెలకి పోయేవోరు. కులాలతో పనిలేకుండా సహపంక్తి భోజనాలు పెట్టేవోరు. ఇల్లు ఎప్పుడూ కుర్రాళ్లతో కిటకిటే. ఒండిపెట్టేది సరస్వతి గారు.

యాజమాన్యానికి ఇది మింగుడు పడలేదు. పాఠం బాగా చెప్తాడు, కానీ పిల్లల్ని చెడగొడతన్నాడు అనే మాట మొదలైంది. ఐదేళ్లు గడిచేసరికి బందరు కొలువు కూడా అయిపోయింది. ఈసారి ఆయన ఇంకో కాలేజీ వెతుక్కోలేదు. అప్పటికి వయసు ముప్పయ్యేడు. ఇంట్లో చిన్న పిల్లలు, చేతిలో ఉద్యోగం లేదు, వెనకాల ఆస్తి లేదు, ఆదుకునే కులం లేదు.

అప్పుడు ముదునూరు పిలిచింది. ఉయ్యూరు దగ్గర పల్లె, మీలో చాలామంది బస్సులో వెళ్తా దాటుకునే ఉంటారు. ఆ ఊరి స్వాతంత్ర్య సమరయోధుడు అన్నే అంజయ్య గారు, ఊరోళ్లూ కలిసి మా ఊరు రండని తీసుకెళ్లారు. 1940 ఆగస్టు 10న అక్కడ నాస్తిక కేంద్రం మొదలైంది. కేంద్రం అంటే బిల్డింగు అనుకోబాకండి, తాటాకుల పాక. ఎమ్మే బోటనీ చదివిన మడిసి కాలేజీ మెట్లు దిగొచ్చి ఆ పాకలో కూర్చుని రాత్రిళ్లు పెద్దోళ్లకి అక్షరాలు దిద్దించాడు. పగలు వాడవాడా తిరిగి మంత్రాలు, చేతబడి, నిప్పుల మీద నడక లాంటి వాటి గుట్టు విప్పాడు. నిప్పుల్లో నడవటానికి భక్తి అక్కర్లేదు, ఆగకుండా నడిస్తే చాలని నడిచి చూపించటం ఆ కేంద్రం వాళ్లకి ఆనవాయితీ అయింది.

ముదునూరు పౌర్ణమి భోజనాల గురించి కాస్త ఆగి చెప్పాలి. నెలకోసారి వెన్నెల్లో అందరూ ఒక చోట చేరతారు. ఎవరికి తోచింది ఆళ్లు తెస్తారు. మాల, మాదిగ, కమ్మ, బ్రాహ్మణ, ఎవరైనా సరే ఒకే వరసలో కూర్చుని తినాలి. గమనించండి, ఇది గదిలో తలుపేసుకుని తినటం కాదు. నలుగురూ చూసేట్టు, వెన్నెల్లో. దొంగచాటుగా కలిసి తినేవోళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. టౌన్లో హాస్టల్లో ఒకే ప్లేటులో తిని, పండక్కి ఊరెళ్లగానే స్నేహితుణ్ణి అరుగు దగ్గరే ఆపేసే కుర్రాళ్లు నాకు బాగా తెలుసు. గోరా గారు పట్టుబట్టింది అక్కడే. చాటుగా చేసే మంచి కులాన్ని ఏమీ చెయ్యదు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. ఒక దళిత మిత్రుడు ఓసారి నన్ను నిలదీశాడు. గోరా గారికి వెలి ఆయన ఎంచుకున్నది, మాకు పుట్టుకతో వచ్చింది, ఆయన దారం తీసేస్తే త్యాగం, మేం చెరువులో నీళ్లు ముడితే నేరం, రెండూ ఒకటెల్లా అవుతాయి అన్నాడు. నిజమే. నా దగ్గర ఎదురు వాదన లేదు. చదువు, ఇంగ్లీషు, ఎక్కడికెళ్లినా మాస్టారూ అనే పిలుపు, ఇవి ఆయన వెంట ఉన్నాయి. కాకపోతే ఒక్కటి. ఎంచుకున్న వెలి లోంచి ఎప్పుడైనా వెనక్కి రావచ్చు. తప్పయిందని ఒక్క ప్రాయశ్చిత్తం చేసుకుంటే చాలు, కులం చేతులు చాపుద్ది. ఆయన చచ్చేదాకా వెనక్కి రాలేదు, పిల్లల్ని కూడా రానివ్వలేదు.

పిల్లల పేర్లు చూడండి. ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టినోడు లవణం. యుద్ధం మొదలైన ఏడాది పుట్టినోడు సమరం. తొమ్మిదో పిల్లకి తొమ్మిదనే అర్థం వచ్చేట్టు నౌ. ఏ దేవుడి పేరూ పెట్టలేదు, తాత పేరూ పెట్టలేదు. తొమ్మిది మంది పిల్లలు! పాకలో, రాబడి లేకుండా, వచ్చిపోయే కార్యకర్తలకి కూడా అన్నం వండతా తొమ్మిది మందిని పెంచింది సరస్వతి గారు. 1942లో క్విట్ ఇండియా వచ్చింది, కుటుంబంలో చాలామంది జైలుకెళ్లారు, ఆమె చంటిపిల్లాడితో సహా వెళ్లింది. గోరా గారి పేరుతో స్టాంపు వచ్చింది గానీ ఆమె చేతి వంట మీద ఎవరూ పుస్తకం రాయలేదు.

ఇప్పుడు గాంధీ గారి దగ్గరికొద్దాం. 1930లోనే గోరా గారు గాంధీకి ఉత్తరం రాశారు. మీరు ఊ అంటే దేవుడంటారు, అసలు దేవుడంటే ఏవిటో చెప్పండని. అది మడిసి బుద్ధికి అందనిదని జవాబొచ్చింది. 1941లో ముదునూరు నుంచి మళ్లీ రాశారు, మిమ్మల్ని కలవాలి అని. నాస్తికత్వం అంటే తనని తాను కాదనుకోవటమే, దాన్ని ప్రచారం చేసి గెలిచినోడు లేడని గాంధీ తేల్చేశారు. ఇంకోడైతే అక్కడితో ఊరుకునేవోడు. ఈయన పల్లెలో పని చేసుకుంటా కూర్చున్నారు. ఆ పని సంగతి ఒక సహచరుడి ద్వారా సేవాగ్రాం చేరింది. అంటరానితనం మీద ఒక నాస్తికుడు ఇంత పని చేస్తన్నాడా అని గాంధీయే రమ్మన్నారు. 1944 చివర్లో కలిశారు.

అక్కడ ఈయన సిద్ధాంతం చెప్పలేదు. బెంగాల్ కరువు చెప్పారు. కలకత్తా వీధుల్లో మిఠాయి కొట్ల ముందే ఆకలికి పడి చచ్చిపోయారు జనం. అద్దాల వెనక తిండి ఉంది, చెయ్యి చాపితే అందుద్ది. అయినా ఎందుకు చాపలేదు? ఇది మా కర్మ, మా తలరాత, దేవుడు రాసిందింతే అని నమ్మారు గనక. పెట్టాల్సినోడూ అదే నమ్మాడు. కాబట్టి ఆ నమ్మకమే పోవాలి, అప్పుడు మడిసి మడిసికి బాధ్యుడవుతాడు. ఇదీ ఆయన వాదన. గాంధీ విన్నారు. తన ఆస్తికత్వమే ఒప్పనీ, మీ నాస్తికత్వం తప్పనీ తను చెప్పలేనని ఒప్పుకున్నారు. సత్యం వెతికే దారిలో ఇద్దరం తోటివాళ్లమే అన్న తీరులో మాట్లాడారు. గోరా గారు ప్రార్థనలకి పోకుండానే ఆశ్రమంలో ఉన్నారు, ఎవరూ పొమ్మనలేదు. కాలేజీలు భరించలేకపోయిన నాస్తికుణ్ణి రామభజన చేసే ఆశ్రమం భరించింది. ఈ మాటలన్నీ కలిపి ఆయన ఇంగ్లీషులో రాసిన చిన్న పుస్తకం, ఎన్ ఎథీస్ట్ విత్ గాంధీ, 1951లో నవజీవన్ వాళ్లే అచ్చేశారు. వందకి లోపు పేజీలు. దొరికితే చదవండి, ఇంగ్లీషు చాలా తేలిక.

పెద్ద కూతురు మనోరమ పెళ్లి దగ్గర అసలు పరీక్ష వచ్చింది. వరుడు అర్జునరావు, దళిత యువకుడు. గాంధీ సంతోషించారు, సేవాగ్రాంలోనే తన ముందు చేయిస్తానన్నారు. అప్పటికి ఆయన పెళ్లికొడుకో పెళ్లికూతురో హరిజనులైతే తప్ప ఏ పెళ్లీ ఆశీర్వదించనని నియమం పెట్టుకున్నారు. చిక్కేవిటంటే తంతులో దేవుడి పేరు వచ్చుద్ది. నాస్తికులు దేవుడి సాక్షిగా ప్రమాణం ఎల్లా చేస్తారు? గాంధీ ఆ పేరు తీసేసి, సత్యం సాక్షిగా అని పెట్టటానికి ఒప్పుకున్నారు. ముహూర్తం రాకముందే 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. పెళ్లి ఆగలేదు. మార్చి 13న సేవాగ్రాంలోనే జరిగింది, అనుకున్న మాటల్తోనే.

కొడుకు లవణం 1960లో హేమలతని చేసుకున్నాడు. ఆమె మహాకవి గుర్రం జాషువా గారి కూతురు. కులం పేరుతో జీవితమంతా అవమానాలు తిన్న కవి ఇంటి పిల్ల, కులం వదిలేసి వెలిపడ్డ మాస్టారి ఇంటి కోడలైంది. తరవాత ఆ మొగుడూ పెళ్లాలే స్టువర్టుపురం పోయి, దొంగలని ముద్రపడ్డ కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. నిజామాబాద్ వైపు జోగినుల కోసం పనిచేశారు.

1947లోనే కేంద్రం ముదునూరు నుంచి విజయవాడ పటమటకి మారింది. 1949లో సంఘం అనే తెలుగు పత్రిక, 1969లో ది ఎథీస్ట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. ఇక ఆయన రాజకీయాల దగ్గర నాకు కొంచెం పేచీ ఉంది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం అన్నారు. వినటానికి బాగుంటది. పార్టీ లేకపోతే డబ్బున్నోడే పార్టీ అవుతాడని మన సర్పంచి ఎన్నికలు చూసిన ఎవరికైనా తెలుసు, అక్కడ పార్టీ గుర్తు ఉండదు గదా. మంత్రుల ఆడంబరాలు తగ్గాలని 1961లో సేవాగ్రాం నుంచి ఢిల్లీ దాకా కాలినడకన వెళ్లారు. పార్కుల్లో పూలమొక్కలు తీసి కూరగాయలు పెట్టాలని సత్యాగ్రహం చేశారు. జనం నవ్వారు. ఆకలి రాజ్యంలో గులాబీలేంటి, వంకాయలు పెట్టండి అనటంలో నవ్వటానికేముందో నాకిప్పటికీ అర్థం కాదు. 1972లో ఆవుమాంసం, పందిమాంసం పెట్టి హిందువులనీ ముస్లింలనీ ఒక చోట తినమన్నారు. అది ఇప్పుడు చేస్తే ఎన్ని సెక్షన్లు పడతాయో లెక్కేసుకోండి. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ నాస్తిక మహాసభ విజయవాడలో జరిపారు.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడతా మాట్లాడతా కూలిపోయారు, మళ్లీ లేవలేదు. ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి నెల. రెండేళ్ల తరవాత 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచింది, పదివేల మందికి పైగా పోయారు. నాస్తిక కేంద్రం వాళ్లు మన పల్లెలకొచ్చి పనిచేశారు. మా వైపు పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తారు, ఆ వారం శవాలకి కులం లేదని, ఎవరు దొరికితే ఆళ్లని ఒకే చితి మీద పెట్టారని. పాకలు మళ్లీ లేచాక కులమూ లేచింది, అది వేరే సంగతి.

ఆ కుర్రాడికి మళ్లీ ఫోన్ చేసి ఈ కథంతా చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పా. మొదటి ఆరు నెలలకి అద్దె, బియ్యం లెక్కేసుకోమన్నా. ఇద్దరి సర్టిఫికెట్లు, ఆధార్‌లు ముందే బయటికి తెచ్చుకోమన్నా. ఒక్కళ్లే ఉండబాకండి, మిమ్మల్ని అన్నానికి పిలిచే ఇళ్లు ఒక నాలుగు చూసుకోండన్నా. వాడు శ్రద్ధగా విని, గోరా గారికి ముదునూరు దొరికింది, మాకు ముదునూరు ఎక్కడన్నా అన్నాడు.

నోటీసు ఇచ్చి ఇప్పటికి పన్నెండు రోజులయింది. సంతకానికి ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు వాడి క్లాస్‌మేట్లు వస్తన్నారు, ఒకడిది గుడివాడ, ఇంకొకడిది బందరు. మూడోది నేను పెడతన్నా. ఆ రోజు మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో, వాకిట్లోనే.